ఆరడుగుల దారి ఖర్చు

తమ్ముడు ఉత్తరాన్ని నాలుగు ముక్కలు చేసి బావ మొహాన కొట్టాడు. అదే ఊపులో గోడకు ఆనించి ఉన్న ఇనుప కడ్డీ అందుకున్నాడు. పదునమ్మ "వద్దురా" అనేలోగానే కడ్డీ లేచింది. ఆమె భర్త మొహానికి అడ్డంగా కుడిచెయ్యి పెట్టుకున్నాడు. మణికట్టు దగ్గర ఎండుపుల్ల విరిచినట్టు చప్పుడైంది. వెల్డింగ్ షెడ్డులో అప్పటిదాకా మోగుతున్న యంత్రాన్ని ఎవరో ఆపేశారు. భర్త మోకాళ్ళ మీద కూలబడి, వేలాడుతున్న తన చేతినే తనది కాదన్నట్టు చూసుకున్నాడు.

"ఇంకోసారి ఆరడుగులు అన్నావంటే ఈసారి తల" అన్నాడు తమ్ముడు.

పదునమ్మ అనేది ఆమెకు తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. రంపాలకు పదును పెడుతుంది కాబట్టి చుట్టుపక్కల వడ్రంగులంతా అలా పిలవడం మొదలుపెట్టారు. తండ్రి దగ్గర నేర్చుకున్న పని అది. ఆ తండ్రే పోయేముందు తన స్థలాన్ని అడ్డంగా రెండు చేసి, ముందు భాగం కూతురికి, వెనక భాగం కొడుక్కు రాశాడు. రోడ్డు ఉన్నది ముందువైపు. వెనకవాడు రోడ్డెక్కడానికి "అలవాటు ప్రకారం దారి" అని కాగితంలో ఒక్క ముక్క పెట్టి ఊరుకున్నాడు. ఆ అలవాటు ఎన్ని అడుగులో రాయడం ఆయనకు తోచలేదు.

ముందు భాగంలో భర్త కలప అడితి పెట్టాడు. ఒక మూల పదునమ్మ సానబల్ల. వెనక తమ్ముడి వెల్డింగ్ షెడ్డు. గేట్లు, గ్రిల్లులు బయటికి వెళ్ళాలంటే లారీ లోపలికి రావాలి, లారీకి పదడుగులు కావాలి అంటాడు తమ్ముడు. నీ గేట్ల కోసం నా దుంగలు నెత్తిన పెట్టుకోనా అంటాడు బావ. దారి మీద దుంగలు పెరిగాయి. మాటలు పెరిగాయి. ఒకప్పుడు ఒకే టీ గ్లాసు చెరిసగం తాగిన బావాబామ్మర్దులు ఒకరి నీడ ఒకరు తొక్కడం మానేశారు. చివరికి తమ్ముడు దావా వేశాడు. స్థలం అక్క పేరు మీద ఉంది కాబట్టి మొదటి ప్రతివాది పదునమ్మే, రెండో ప్రతివాది ఆమె భర్త. భర్త చూపించిన చోటల్లా సంతకం పెట్టింది తప్ప ఆ కాగితాల్లో ఏముందో ఆమె ఎన్నడూ చదవలేదు.

ఆ ఉత్తరం ఒక్కటి మాత్రం చదివింది. కేసు మొదలైన ఆరో నెలలో తమ పెద్ద లాయరు రాయించాడు. ఆరడుగుల దారి ఇస్తాం, ఇంతవరకు అయిన ఖర్చు ఎవరిది వాళ్ళు భరిద్దాం, కేసు వెనక్కి తీసుకో అని. బామ్మర్ది అక్క చేతి నుంచయితేనే తీసుకుంటాడని భర్తే ఆమెను పంపాడు. పంపినవాడు ఇంట్లో కూర్చోకుండా వెనకే వచ్చి షెడ్డు గుమ్మంలో నిలబడ్డాడు. తమ్ముడు చదివి, మొదటిసారి కాస్త మెత్తబడ్డట్టు తల గోక్కున్నాడు. ఆ క్షణంలో బావ నోరు ఊరుకోలేదు.

"ఆలోచిస్తావేంట్రా? ఆరడుగులు చాల్లే. నిన్ను నలుగురు మోసుకెళ్ళడానికి అంతకంటే ఎందుకు?"

ఉత్తరం చిరిగింది అప్పుడే.

మర్నాడు పొద్దున భర్త చేతికి సిమెంటు కట్టు వేయించుకుని అడితికి వచ్చాడు. అడితి వెనక, షెడ్డు వైపు వాలుగా ఉన్న చోట కొత్తగా దిగిన దుంగలు గుట్టగా ఉన్నాయి. అడుగు దుంగ కింద ఆపుచెక్క ఉంది. ఎదురుగా పదిహేను అడుగుల దూరంలో తమ్ముడు వంగి తన తలుపు బందులు బిగించుకుంటున్నాడు. పదునమ్మ సానబల్ల దగ్గర నుంచి అంతా కనిపిస్తోంది. భర్త ఎడమచేత్తో సుత్తి తీశాడు. రెండు దెబ్బలు కొట్టాడు. మూడో దెబ్బకు ఆపుచెక్క ఎగిరిపోయింది.

"తప్పుకోరా" అని ఆమె వేసిన కేక దుంగల రొదలో కలిసిపోయింది. మొదటి దుంగ తలుపును లోపలికి తోసేసింది. రెండోది తమ్ముడి కుడి మోకాలిని గడపకేసి నొక్కి ఆగింది. వాడు పెట్టిన అరుపుకు రోడ్డు మీద వెళ్ళేవాళ్ళు పరుగెత్తుకొచ్చారు. నలుగురు కలిసి దుంగ లేపేసరికి ఆ కాలు వెనక్కి మడతపడి ఉంది.

"దుంగలకు కట్టిన గొలుసు తెగింది" అన్నాడు భర్త, వచ్చిన పోలీసుతో. పోలీసు ఆమె వైపు చూశాడు. ఆమె నేల చూపులు చూసింది. ప్రమాదమని రాసుకుపోయారు. కడ్డీ దెబ్బ గురించి భర్త విడిగా ఫిర్యాదు ఇచ్చాడు గానీ, అందులో ఉత్తరం మాటే ఎత్తలేదు. తనే రాజీకి వెళ్ళానని రాసుకోవడం అతనికి నామోషీ.

కేసు మరో రెండేళ్ళు నడిచింది. సర్వేయరు వచ్చి కొలిచాడు, సాక్షులు వచ్చారు, వాయిదాలు పడ్డాయి. తీర్పు రోజున జడ్జి, తండ్రి కాలంలో అక్కడ తోపుడుబండి తిరిగేదని, దానికి ఆరడుగులు సరిపోయేవని, కాబట్టి దారి ఆరడుగులేనని తేల్చింది. తమ్ముడు చంక కర్ర పైకెత్తి గెలిచానన్నాడు. పదడిగితే ఆరే వచ్చిందని భర్త కూడా గెలిచానన్నాడు. కాసేపు వరండాలో ఇద్దరూ గెలిచినవాళ్ళే.

"ఖర్చుల సంగతి వచ్చే నెల వింటాను" అంది జడ్జి.

పెద్ద లాయరు తన గదిలో పదునమ్మను ఎదురుగా కూర్చోబెట్టి విడమరిచి చెప్పాడు. "మామూలుగా ఓడినవాళ్ళు గెలిచినవాళ్ళ ఖర్చు ఇచ్చుకోవాలమ్మా. దారి తెచ్చుకున్నాడు కాబట్టి మీ తమ్ముడు గెలిచినట్టే. వాడి లాయరు ఫీజు, కోర్టు ఫీజు, సర్వేయరు, సాక్షుల ఖర్చు, అంతా మీ నెత్తిన పడుతుంది. ఆ డబ్బుతో ఆ దారి నేలను నాలుగుసార్లు కొనొచ్చు."

"మరి?"

"మరి మన ఉత్తరం ఉందిగా. కోర్టు ఇచ్చిన ఆరడుగులూ మనం రెండేళ్ళ కిందటే ఇస్తామన్నాం. వాడు కాదన్నాడు. ఆనాటి నుంచి అయిన ఖర్చంతా వాడి మొండితనం వల్ల అయింది. అప్పటిదాకా అయినది మనం ఇచ్చినా, ఆ తర్వాతది మనకు వాడే ఇవ్వాలి. లెక్క తేలేసరికి గెలిచినవాడే బాకీ పడతాడు."

"వాడు ఒప్పుకుంటాడా?"

"ఒప్పుకోలేదు. అసలు ఉత్తరమే అందలేదని ప్రమాణం చేసి కాగితం దాఖలు చేశాడు. అందినట్టు సంతకం లేదు. మీ ఆయన చెబితే జడ్జి నమ్మదు, ఫిర్యాదులో ఆ ముక్కే లేదు కదా. ఇక మిగిలింది మీరే."

ఆ రోజు నుంచి ఆమె బతుకు అడకత్తెరలో పోకచెక్క అయింది. ఉత్తరం ఇచ్చానంటే తమ్ముడు మునుగుతాడు. అక్కడితో ఆపేస్తే అబద్ధం చెప్పినట్టు కాదు. కానీ తమ్ముడి లాయరమ్మ ఊరుకునే మనిషి కాదు. మర్నాడేం జరిగిందని అడుగుతుంది. రాత్రి ఇస్తామన్న దారిని తెల్లారేసరికి దుంగలతో మూసింది ఎవరని అడుగుతుంది.

భర్తకూ ఆ సంగతి తెలుసు. విచారణకు మూడు రోజుల ముందు, మధ్యాహ్నం పనివాళ్ళు భోజనాలకు వెళ్ళినప్పుడు ఆమె సానబల్ల దగ్గరకు వచ్చాడు. చక్రం తిరుగుతోంది. ఆమె చేతిలో బెత్తెడు వెడల్పు రంపం ఉంది.

"ఉత్తరం సంగతి చెప్పు. గొలుసు సంగతి అడిగితే తెగిందని చెప్పు."

"అసలు గొలుసే లేదు కదండీ."

అతను ఆమె జుట్టు ముడి పట్టుకున్నాడు. రెండేళ్ళ కిందట విరిగిన చెయ్యే, అయినా పట్టు సడల్లేదు. మొహాన్ని చక్రం వైపు వంచాడు. ఆమె చేతిలోని రంపం జారి చక్రానికి తగిలి నిప్పురవ్వలు చిమ్మాయి. ఎడమ చెంప మీద చుర్రుమని కాలింది. కన్ను గట్టిగా మూసుకుంది. చక్రం గాలి ముక్కు కొనకు తగులుతోంది.

"ఇంకో జానెడు వంచితే ఏ కోర్టుకూ వెళ్ళక్కర్లేదు నువ్వు. ఏం చెబుతావే?"

అతను వదిలేసి వెళ్ళిపోయాడు. ఆమె చక్రం ఆపి, నేల మీద కూర్చుని, తడిగుడ్డ చెంపకు అద్దుకుంది.

మర్నాడు ఉదయం తమ్ముడి షెడ్డుకు వెళ్ళింది. వాడైనా మనిషిలా మాట్లాడతాడేమో, ప్రమాణపు కాగితం వెనక్కి తీసుకుంటాడేమో అని ఆశ. వాడు ఒక కుర్చీ చూపించాడు. చెంప చూసి "బావేనా?" అన్నాడు. ఆమె తలూపింది. వాడి కళ్ళు చెమర్చాయి. అది చూసి ఆమె ధైర్యం తెచ్చుకుంది.

"ఉత్తరం అందిందని నువ్వే చెప్పరా. నీ మోకాలి సంగతి నేను చెబుతాను. జరిగింది జరిగినట్టు పోనిద్దాం."

"నా మోకాలి సంగతి నువ్వు ఆ రోజే చెప్పాల్సింది" అన్నాడు తమ్ముడు. గొంతు మారిపోయింది. "పోలీసు నిన్ను చూస్తే నేల చూపులు చూశావు. మంచం మీద పడుకుని ఏడు నెలలు ఇంటికప్పు దూలాలు లెక్కపెట్టింది నేను. ఇప్పుడు వాడి ఖర్చులు కూడా నేను కట్టాలా? ఈ షెడ్డు అమ్మినా సరిపోవక్కా!"

వాడు చెయ్యి పట్టుకుంటే ఆమె ఓదార్పుకే అనుకుంది. వాడు ఆ చేతిని బల్లకు బిగించిన పట్టకారు దవడల మధ్య పెట్టి పిడి తిప్పాడు. చిటికెన వేలు ఇరుక్కుంది.

"ఉత్తరం ఇవ్వలేదని చెప్పు."

"ఒరేయ్, నేను మీ అక్కనురా!"

"చెప్పు!"

మరో చుట్టు తిప్పాడు. గోరు చీలింది. లోపల ఎముక టక్కుమన్న శబ్దం ఆమెకు చెవిలో కాకుండా పళ్ళలో వినిపించింది. ఆమె అరుపుకు వాడే హడలిపోయి పిడి వెనక్కి తిప్పాడు. తర్వాత కుర్చీలో కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆమె అక్కడ ఆగలేదు. రక్తం కారుతున్న వేలిని కొంగుకు చుట్టుకుని, దుంగల మధ్య నుంచి పక్కకు జరుగుతూ, దూరుతూ రోడ్డెక్కింది. ఆస్పత్రిలో ఎలా తగిలిందని అడిగితే "పట్టకారు" అని మాత్రం అంది.

విచారణ గది చిన్నది. ఫ్యాను కిర్రుమంటోంది. పెద్ద లాయరు ఆమెను బోనులోకి పిలిచి ఒకే ప్రశ్న అడిగి కూర్చోవాలనుకున్నాడు.

"ఉత్తరం మీ తమ్ముడి చేతికి ఇచ్చారా?"

"ఇచ్చాను. చదివాడు. నాలుగు ముక్కలు చేశాడు."

తమ్ముడు తల వంచుకున్నాడు. భర్త మీసం మీద చెయ్యి వేసుకున్నాడు. లాయరమ్మ లేచింది.

"చింపేముందు మీ ఆయన ఏమైనా అన్నారా?"

"అన్నాడు." ఆమె ఆ మాటను ఉన్నదున్నట్టు చెప్పింది. వెనక బెంచీలో ఎవరో నవ్వు ఆపుకోలేకపోయారు. జడ్జి తల ఎత్తి చూసేసరికి ఆ నవ్వు చచ్చిపోయింది.

"మర్నాడు దుంగలు ఎలా దొర్లాయి? గొలుసు తెగిందా?"

"గొలుసు లేదు. ఆపుచెక్క ఉంది. ఆయన సుత్తితో మూడు దెబ్బలు కొట్టాడు. ఎడమచేత్తో. ఆ తర్వాత రెండేళ్ళూ ఆ దుంగలు దారి మీదే ఉన్నాయి."

"అబద్ధం!" భర్త బెంచీ మీద నుంచి లేచాడు. బంట్రోతు వచ్చి భుజం నొక్కి కూర్చోబెట్టాడు.

జడ్జి కళ్ళద్దాలు తీసి పదునమ్మ వైపు చూసింది. "మీరు మొదటి ప్రతివాది. ఖర్చులు మీ మీద పడితే మీ స్థలానికే చేటు. అది తెలిసే చెబుతున్నారా?"

"తెలుసండీ. లాయరుగారు చెప్పారు."

"ఆ దెబ్బలేంటమ్మా?"

ఆమె కట్టుకట్టిన చెయ్యి ఎత్తింది. "ఈ చెంప ఆయన. ఈ వేలు వాడు."

జడ్జి రాసుకోవడం మొదలుపెట్టింది. చాలాసేపు రాసింది. తర్వాత చదవకుండా, మామూలు మాటల్లోనే చెప్పింది.

"ఖర్చులు ఇప్పించేది గెలిచినవాళ్ళకు బహుమతిగా కాదు. న్యాయం కోసం పెట్టక తప్పనిది తిరిగి ఇప్పించడానికి. మామూలు పద్ధతిలో అయితే వాదికి రావాలి. కానీ చేతికొచ్చిన దారిని ఆయన చింపేశాడు, ఆ పైన అందలేదని ప్రమాణం చేశాడు. అలాంటి వాదికి ఆ తర్వాతి ఖర్చు ఇప్పించను, ముందుది కూడా ఇప్పించబుద్ధి కావడం లేదు. ఇక ప్రతివాదులు. రాజీకి వచ్చినవాళ్ళని కాపాడాలి, నిజమే. అయితే రాజీ అనేది నిలబడాలి. సాయంత్రం ఇచ్చి పొద్దున దుంగలు దొర్లించేది రాజీ కాదు. కాబట్టి ఎవరి ఖర్చులు వారే భరించాలి. చెంప, వేలు, మోకాలు, మణికట్టు, వీటి విచారణ ఈ గదిలో కాదు. కాగితాలు క్రిమినల్ కోర్టుకు పంపుతున్నాను."

ఆ మాటలు అర్థం కావడానికి ఇద్దరు మగాళ్ళకూ మెట్ల దాకా పట్టింది. మెట్ల మొదట్లో భర్త వెనక్కి తిరిగి, పెళ్ళాం మొహాన పిడికిలితో కొట్టాడు. పై పెదవి చిట్లి ఒక పన్ను ఊడింది. "మా అక్కనే కొడతావురా" అంటూ, రెండు రోజుల కిందట ఆ అక్క వేలే నలిపిన తమ్ముడు చంక కర్రతో బావ మెడ మీద బాదాడు. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని మెట్ల మీద దొర్లారు. ఒకడి మణికట్టు మళ్ళీ అదే చోట విరిగింది. ఇంకొకడు తల గోడకు కొట్టుకుని తెల్లని సున్నం మీద ఎర్రగా చారిక పెట్టాడు. లాయర్లు ఫైళ్ళు గుండెలకు అదుముకుని గోడకు అంటుకుపోయారు. కాపలావాళ్ళు విడదీసేటప్పటికి చంక కర్ర ఆమె కాళ్ళ దగ్గరకు వచ్చి పడింది.

ఆమె దాన్ని అందుకుంది. లేవబోతున్న భర్త వీపు మీద ఒకటి వేసింది. "అక్కా" అన్న తమ్ముడి భుజం మీద ఇంకొకటి వేసింది. మూడోసారి ఎత్తిన చేతిని ఒక కాపలా మనిషి మెల్లగా పట్టుకుని "చాలమ్మా" అన్నాడు. ఆమె నోట్లోని రక్తాన్ని ఉమ్మేసి, కర్ర అతని చేతికిచ్చి, మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఆ ఇద్దరినీ స్టేషనుకు తీసుకెళ్ళారు. ఆమె నేరుగా అడితికి వచ్చింది. దుంగలు మోసే ఇద్దరు కూలీలు నీడలో కూర్చుని ఉన్నారు.

"దారి మీదవి తీసేయండి."

"అయ్యగారు ఏమంటారోనమ్మా."

"స్థలం నాది. తీయండి."

వాళ్ళు ఆమె మొహం చూసి మారుమాట లేకుండా లేచారు. ఆమె కొలత టేపు పట్టుకుని ఆరడుగులకు సరిగ్గా సున్నపు గీత గీసింది. సగం దుంగలు తీసేసరికి భర్త పూచీకత్తు మీద విడుదలై వచ్చాడు. చేతికి కొత్త కట్టు. గీతను చూశాడు. ఎడమచేత్తో కట్టెలు కొట్టే గొడ్డలి తీశాడు.

కూలీలు పక్కకు తప్పుకున్నారు. ఆమె తప్పుకోలేదు. దుంగలు లాగే ఇనుప కొక్కెం ఆమె చేతిలోనే ఉంది. అతను రెండడుగులు వేసేలోగా కొక్కెం వెనక వైపుతో అతని మోకాలి కింద ఎముక మీద కొట్టింది. అతను బొక్కబోర్లా పడ్డాడు. గొడ్డలి సున్నపు గీత అవతల పడింది. ఆమె కొక్కెం మొనను అతని మెడ పక్కన నేలలో దించింది, చొక్కా కాలరుతో సహా.

"మీ బట్టలు సంచిలో పెట్టి గేటు దగ్గర ఉంచుతాను. మీ అన్నయ్య ఇంటికి వెళ్ళండి. ఇక్కడ ఇంకోసారి చెయ్యి ఎత్తితే నేను కాలరుతో ఆగను."

అతను ఆమె కళ్ళలోకి చూశాడు. పదిహేడేళ్ళ కాపురంలో అతను ఆ చూపు చూడలేదు. కుంటుకుంటూ వెళ్ళిపోయాడు.

వారం తర్వాత తమ్ముడు తోపుడుబండి మీద ఒక కిటికీ గ్రిల్లు పెట్టుకుని ఆ దారిన వచ్చాడు. నెత్తిన కట్టు ఉంది. సానబల్ల దగ్గర ఆగాడు. "అక్కా, వేలు ఎలా ఉంది?"

"వంగడం లేదు."

"నేను..."

"దారి కోర్టు ఇచ్చింది, నడువు. మాట్లాడమని ఏ కోర్టూ ఇంకా నన్ను ఆదేశించలేదు."

వాడు బండి తోసుకుంటూ పోయాడు. ఆ నెలలోనే పెద్ద యంత్రం అమ్మి లాయరమ్మ ఫీజు కట్టాడు. చిన్న యంత్రంతో తోపుడుబండికి పట్టే పనులే చేసుకున్నాడు.

భర్త మాత్రం అన్నగారి ఇంట్లో కూర్చుని అప్పీలు వేశాడు. దారి మీద కాదు, ఒక్క ఖర్చుల మీదే. పెద్ద లాయరు వద్దని చెప్పి చూశాడు. ఖర్చులు ఎవరు భరించాలన్నది కింది జడ్జి విచక్షణకు సంబంధించిన విషయం, కారణాలు చెప్పి నిర్ణయించాక పైకోర్టు మామూలుగా వేలు పెట్టదు, పెట్టినా ఈ సాక్ష్యం ముందు నిలబడలేం అన్నాడు. భర్త వినలేదు, వేరే లాయరును పెట్టుకున్నాడు. అప్పీలు ఒక్క పూటలో కొట్టేశారు. ఈసారి ఆదేశంలో అనుమానానికి తావు లేదు. అప్పీలు ఖర్చులు అప్పీలుదారే ఎదుటి పక్షానికి చెల్లించాలి. ఆ అప్పీలులో పదునమ్మ చేరలేదు కాబట్టి ఆమె మీద పైసా పడలేదు. అతని వాటా దుంగలు వేలం వేయడానికి కోర్టు మనిషి వచ్చినప్పుడు ఆమే గేటు తీసింది.

వేలం ముగిసిన సాయంత్రం భర్త గేటు బయట నిలబడి కబురంపాడు. ఆమె వెళ్ళింది.

"మోకాలి కేసులో, మణికట్టు కేసులో వచ్చే నెల సాక్ష్యమట. నిన్నే పిలుస్తారు" అన్నాడు. గొంతులో పాత జోరు లేదు. "ఏం చెబుతావు?"

"చూసింది చెబుతాను."

"జైలుకు పోతానే."

"వాడూ పోతాడేమో."

అతను ఇంకేదో అడగబోయి ఆమె పెదవి మీది కుట్ల మచ్చ చూసి ఆగిపోయాడు. అప్పుడే ఒక వడ్రంగి భుజాన నాలుగు రంపాలు వేసుకుని వాళ్ళిద్దరి మధ్య నుంచి లోపలికి వచ్చి, రేపటికల్లా కావాలమ్మా అన్నాడు. ఆమె రంపాలు అందుకుని, గోరులేని వేలితో ఒక్కొక్కదాని పళ్ళు తడిమి చూసి, ఎల్లుండి రమ్మంది.